నార్మల్ రిపోర్టునే ముందు అనుమానించండి: స్క్రీనింగ్ ఎండోస్కోపీలో క్వాలిటీ చూసుకోవడం ఎలా

కొలొనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి స్కోప్ అనే కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే బొడిపె) దొరికిందని రాసిన రిపోర్టు గురించి నాకు పెద్దగా బెంగ ఉండదు. దొరికింది, తీశారు, పాథాలజీకి వెళ్ళింది, అక్కడ ఇంకొకరు మైక్రోస్కోప్ కింద పెట్టి అదేమిటో తేలుస్తారు. ఎక్కడైనా పొరపాటు జరిగినా పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉన్నారన్నమాట. బెంగంతా నార్మల్ అని రాసిన రిపోర్టుతోనే. దాన్ని మళ్ళీ ఎవరూ తిరగేసి చూడరు, ఆ మనిషి హమ్మయ్య అనుకుంటూ ఇంటికెళ్ళిపోతాడు, ఇంక పదేళ్ళదాకా కొలొనోస్కోపీ అక్కర్లేదని మనమే చెప్పి పంపిస్తాం. శ్రద్ధగా ప్రతి మడతా చూసి ఏమీ లేదని తేల్చిన నార్మల్, టైమ్ అయిపోతోందని గబగబా స్కోప్ లాగేసి రాసిన నార్మల్, రెండూ కాగితం మీద ఒక్కలాగే ఉంటాయి.

స్క్రీనింగ్‌లో క్వాలిటీ కంట్రోల్ అంటే ఈ రెండింటినీ విడదీసే పని. స్కోప్ పట్టుకునేది నేను కాదు, లెక్కలు పట్టుకునేది నేను, యూనిట్‌లో రిజిస్టర్లూ ఆడిట్లూ చూస్తుంటాను. అందుకని ఇక్కడ స్కోప్ ఎలా తిప్పాలో చెప్పను. ఒక ఎక్సెల్ షీటూ కాస్త మొండితనమూ ఉంటే ఏం రాసుకోవాలి, ఎలా లెక్క కట్టాలి, లెక్క తేలాక ఏం చెయ్యాలి, అది చెప్తాను. ఎక్కువగా పెద్దపేగు గురించే, ఎందుకంటే కొలతలు గట్టిగా నిలబడింది అక్కడే.

ముందు రిజిస్టర్

ఒక్కో కేసుకి ఒక్కో వరస. వయసు, ఆడా మగా, ఎందుకొచ్చారు, చేసినవారెవరు, పేగు ఎంత శుభ్రంగా ఉంది, సీకమ్ దాకా వెళ్ళారా, వెళ్ళినట్టు ఫొటో ఉందా, సీకమ్ దగ్గర టైమ్ ఎంత, స్కోప్ బయటికొచ్చిన టైమ్ ఎంత, ఎన్ని పాలిప్‌లు, ఎక్కడ, ఎంత సైజు, దేంతో తీశారు, పాథాలజీ ఏమంది, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాం. అంతే. ఇంతకంటే ఎక్కువ గడులు పెట్టకండి, పెడితే రెండో వారానికే నింపడం మానేస్తారు.

ఎందుకొచ్చారన్న గడి చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం లెక్క దాని మీదే నిలుస్తుంది. ఏ బాధా లేకుండా స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్ళు వేరు, రక్తం పడుతోందని వచ్చినవాళ్ళు వేరు, ఇదివరకు పాలిప్ తీయించుకుని మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు వేరు, మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష పాజిటివ్ వచ్చి వచ్చినవాళ్ళు పూర్తిగా వేరు. ఈ ఆఖరివాళ్ళలో పాలిప్‌లు మామూలుగానే ఎక్కువ దొరుకుతాయి. వాళ్ళని అందరితో కలిపేస్తే ఏ డాక్టర్ దగ్గరికి ఫిట్ పాజిటివ్‌లు ఎక్కువ వెళ్తే ఆ డాక్టర్ గొప్పవారని లెక్క తేలుతుంది. విడిగా రాయండి, విడిగా లెక్కపెట్టండి.

అన్నిటికంటే ఖాళీగా మిగిలిపోయే గడి పాథాలజీ. రిపోర్టు కొన్ని రోజుల తర్వాత వస్తుంది, ఆ సరికి కేసు అందరూ మర్చిపోయి ఉంటారు. వారానికి ఒక రోజు, ఒక అరగంట, ఒకే మనిషి కూర్చుని నింపే ఏర్పాటు చేసుకోండి, 'ఎవరికి వీలైతే వాళ్ళు' అన్నారంటే ఎవరికీ వీలవదు. మా దగ్గర మొదట్లో అలాగే అయింది, మూడు నెలల కేసులు ఒకేసారి పాత ఫైళ్ళలోంచి తవ్వి తీయాల్సి వచ్చింది. ఆ పని మీకొద్దు.

సీకమ్ దాకా వెళ్ళారన్న మాటకి ఫొటో కావాలి

పెద్దపేగు మొదలయ్యేది సీకమ్ దగ్గర, స్కోప్ అక్కడిదాకా వెళ్తేనే పేగంతా చూసినట్టు. వెళ్ళామని రాయడం ఎవరికైనా సులువే. బ్రిటన్‌లో 68 యూనిట్లలో జరిగిన 9,223 కొలొనోస్కోపీల లెక్క 2004లో బయటికొచ్చింది. సీకమ్ చేరామని రాసినవి 76.9 శాతం. గట్టి ఆనవాలు ఉన్నవే లెక్కలోకి తీసుకుంటే అది 56.9 శాతానికి పడిపోయింది. మాటకీ రుజువుకీ మధ్య 20 శాతం తేడా! ఆ తర్వాత అక్కడ శిక్షణ, యూనిట్లకి గుర్తింపు, ఎవరి లెక్కలు వాళ్ళకి చూపించడం అన్నీ మొదలయ్యాయి, 2011లో మళ్ళీ దేశమంతా ఆడిట్ చేస్తే 92 శాతం దాటింది. స్కోప్‌లు ఎంతోకొంత మెరుగుపడే ఉంటాయి కానీ అసలు మారింది లెక్క చూసే అలవాటని నా నమ్మకం.

అందుకని నియమం సింపుల్‌గా పెట్టుకోండి. అపెండిక్స్ రంధ్రం, ఇలియోసీకల్ వాల్వ్ (చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట ఉండే కవాటం), ఈ రెండూ స్పష్టంగా కనపడే ఫొటోలు లేకపోతే సీకమ్ చేరనట్టే. డాక్టర్ ఎంత సీనియర్ అయినా సరే. 95 శాతానికి తగ్గకూడదన్నది ఇప్పుడు అందరూ పెట్టుకుంటున్న గీత. ఫొటో మసగ్గా ఉంటే దాన్ని ఉన్నట్టు లెక్కేయకండి, మొహమాటపడితే ఇక్కడే పడతారు.

పేగు శుభ్రంగా లేకపోతే

మురికి ఉన్నచోట ఎంత మంచి కన్నైనా ఏం చూస్తుంది? బోస్టన్ స్కేల్ వాడండి, నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. పెద్దపేగుని కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 ఉంటేనే శుభ్రంగా ఉన్నట్టు. మొత్తం 6 వచ్చినా కుడి భాగానికి 1 పడితే పనికిరాదు. చాలామంది మొత్తం మార్కు ఒక్కటే రాసేస్తారు, అలా రాయనివ్వకండి. ఇంకో సంగతి, ఈ మార్కులు నీళ్ళు కొట్టి, కడిగి, పీల్చేశాక వెయ్యాలి, లోపలికి వెళ్ళగానే కనిపించినదాన్ని బట్టి కాదు.

పదిలో తొమ్మిది మందికైనా పేగు శుభ్రంగా ఉండాలి. లేకపోతే పేషెంట్ మాట వినలేదని విసుక్కునే ముందు మనం ఇచ్చిన కాగితం ఒకసారి చదవండి. విరేచనాల మందు మొత్తం ముందు రోజు సాయంత్రమే తాగమని రాసి ఉందా? అయితే తప్పు అక్కడే ఉంది. సగం ముందు రాత్రి, మిగతా సగం పరీక్షకి నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందుకల్లా ముగించడం, ఇదే బాగా పనిచేస్తుందని పదే పదే తేలింది. పొద్దున్నే పరీక్ష ఉన్నవాళ్ళు తెల్లవారుజామున లేవాలి, గొణుగుతారు, అయినా ఎందుకో చెప్తే లేస్తారు. ముందు రోజు ఒక ఫోన్ చేసి గుర్తు చేయడం కూడా బాగా పనికొస్తుంది.

పేగు శుభ్రంగా లేదని రాసి కూడా పదేళ్ళ తర్వాత రమ్మన్న రిపోర్టులు వెతకండి. దొరుకుతాయి. అలాంటివాళ్ళని ఏడాదిలోపే మళ్ళీ పిలవాలి.

అసలు లెక్క: ఏడీఆర్

అడినోమా డిటెక్షన్ రేట్, పొట్టిగా ఏడీఆర్. ఒక డాక్టర్ చేసిన స్క్రీనింగ్ కొలొనోస్కోపీల్లో ఎంతమందిలో కనీసం ఒక్క అడినోమా దొరికిందన్నది, శాతంలో. అడినోమా అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న పాలిప్. పాథాలజీ ఒప్పుకుంటేనే లెక్క, అందుకే ఆ గడి కోసం అంత గొడవ పెట్టాను. పాథాలజీ కోసం ఎవరు ఆగుతారని పాలిప్‌లనే లెక్కపెట్టే యూనిట్లున్నాయి, కానీ పురీషనాళంలో ఏ హానీ చెయ్యని చిన్న చిన్న బొడిపెలు తీసేసి కూడా ఆ నంబర్ పెంచుకోవచ్చు.

ఈ ఒక్క నంబర్‌కి ఇంత విలువ ఎందుకంటే, ఇది పేషెంట్‌కి తర్వాత ఏమవుతుందో చెప్తుంది. పోలండ్‌లో 186 మంది ఎండోస్కోపిస్టులు, 45,026 మంది పేషెంట్లతో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఏడీఆర్ 20 శాతం కంటే తక్కువున్న డాక్టర్ల దగ్గర చూపించుకున్నవాళ్ళకి, నార్మల్ అని విని వెళ్ళాక మధ్యలో క్యాన్సర్ బయటపడే ముప్పు చాలా ఎక్కువగా ఉంది. 2014లో అమెరికా నుంచి ఇంకా పెద్దది, మూడు లక్షలకి పైగా కొలొనోస్కోపీలు, 136 మంది డాక్టర్లు. అందులో ఒక డాక్టర్ ఏడీఆర్ 7.4 శాతం, ఇంకొకరిది 52.5! అదే పరీక్ష, అదే పేరు. ఏడీఆర్ ఒక్క శాతం పెరిగిన కొద్దీ ఆ మధ్యలో వచ్చే క్యాన్సర్ ముప్పు 3 శాతం, దాంతో చనిపోయే ముప్పు 5 శాతం తగ్గుతూ వచ్చాయి.

ఎంత ఉండాలి? చాలాకాలం 25 శాతం అనేవారు, మగవాళ్ళలో 30, ఆడవాళ్ళలో 20. 2024లో అమెరికా గ్యాస్ట్రో సంఘాలు దాన్ని 35కి పెంచాయి, మగవాళ్ళలో 40, ఆడవాళ్ళలో 30. దానితోపాటు సెసైల్ సెరేటెడ్ పాలిప్‌లు కనీసం 6 శాతం మందిలో దొరకాలన్నాయి. ఇవి చదునుగా, పాలిపోయి, పైన జిగురు కప్పుకుని కుడివైపు పేగులో దాక్కుంటాయి, హడావిడిలో మొదట తప్పిపోయేవి ఇవే.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సిన మాట. వంద కేసుల్లో ఒక డాక్టర్‌కి 25 వచ్చాయనుకోండి, ఆయన అసలు రేటు దాదాపు 17 నుంచి 34 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. 500 కేసులైతే ఆ అంతరం 21 నుంచి 29కి కుదించుకుపోతుంది. కాబట్టి నలభై కేసుల లెక్క పట్టుకుని ఎవరినీ మీటింగ్‌లో నిలదీయకండి. కేసులు తక్కువ చేసేవాళ్ళకి రెండు మూడేళ్ళవి కలిపి చూడండి, శాతం పక్కన ఎన్ని కేసుల్లో అన్నది తప్పకుండా రాయండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఆడిట్ అంటేనే డాక్టర్లకి ఒళ్ళు మండేలా చేసుకున్న చోట్లున్నాయి.

ఏడీఆర్‌కి ఒక కంత ఉంది. మొదటి అడినోమా దొరికిందంటే ఆ కేసు లెక్కలో పడిపోయినట్టే, ఇక మిగతా పేగు ఎలా చూసినా నంబర్ మారదు. అందుకని ఒక్కో కొలొనోస్కోపీకి సగటున ఎన్ని అడినోమాలు అన్న లెక్క కూడా పక్కనే వేసుకోండి. ఇద్దరి ఏడీఆర్ సమానంగా ఉండి ఈ సగటు మాత్రం ఒకరిది బాగా తక్కువుంటే, ఆ ఒకరు ఒకటి దొరకగానే చాలనుకుంటున్నారేమో చూడాలి.

గడియారం సంగతి

స్కోప్ లోపలికి తోసేటప్పుడు కాదు, వెనక్కి లాగేటప్పుడే అసలు చూపు. 2006లో పన్నెండు మంది డాక్టర్లని పోల్చి చూస్తే, వెనక్కి రావడానికి ఆరు నిమిషాలు, అంతకంటే ఎక్కువ తీసుకున్నవాళ్ళకి 28.3 శాతం మందిలో అడినోమాలు దొరికాయి, తొందరపడ్డవాళ్ళకి 11.8 శాతంలో. అప్పట్నుంచి ఆరు నిమిషాలు ఒక శాసనంలా అయింది, ఇప్పుడు దాన్ని ఎనిమిదికి పెంచారు. ఇది ఏమీ తీయని నార్మల్ కేసుల సగటు మాత్రమే, పాలిప్ తీసిన కేసులు ఇందులో కలపకూడదు.

అయితే టైమర్ పెట్టగానే అంతా బాగుపడుతుందనుకోకండి. ఒకచోట అందరూ ఏడు నిమిషాలు తీసుకోవాల్సిందేనని నియమం పెట్టారు, అందరూ పాటించారు, దొరికే పాలిప్‌లు మాత్రం పెరగలేదు. ఎందుకో ఊహించడం కష్టమేమీ కాదు, సిగ్మాయిడ్‌లో, అంటే పెద్దపేగు చివర ఉండే వంపులో, స్కోప్ ఆపుకుని గడియారం వంక చూస్తూ నిలబడినా నిమిషాలు గడుస్తాయి. ఆ నిమిషాల్లో ఏం చేశారన్నదే ముఖ్యం. మడతల వెనక చూశారా, కడిగారా, గాలి సరిపడా నింపారా, కుడివైపు పేగుని రెండోసారి చూశారా, పేషెంట్‌ని పక్కకి తిప్పారా.

నంబర్ తక్కువున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలి

ఇదే అసలు కష్టం. నేను చూసినంతవరకు పనిచేసేది ఇలా ఉంటుంది: మొదటిసారి అందరి నంబర్లూ పేర్లు లేకుండా ఒక గ్రాఫ్‌లో పెట్టండి, ఎవరి చుక్క ఏదో వాళ్ళకి మాత్రమే విడిగా చెప్పండి. ఎవరూ ఏమీ అనక్కర్లేదు, తన చుక్క అందరికంటే కింద ఉందని తెలిసిన మనిషి తర్వాతి వారం నుంచే నెమ్మదిస్తాడు. ఆ తర్వాత, ఎక్కువ దొరికే డాక్టర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడమని అడగండి, 'మీకు రావట్లేదు' అన్న ధోరణి మాటల్లో రాకూడదు. స్కోప్ పట్టుకోని నర్సు కూడా స్క్రీన్ వంక చూస్తూ 'సార్, ఆ మడత వెనక ఇంకోసారి' అనగలిగే వాతావరణం ఉంటే అది చాలా గొప్ప. అది వచ్చేది పెద్ద డాక్టర్ ఒక్కసారి 'థాంక్స్ అమ్మా' అన్నప్పుడే.

ఏఐ గురించి అందరూ అడుగుతున్నారు. స్క్రీన్ మీద అనుమానం ఉన్నచోట డబ్బా గీసి చూపించే పరికరాలు ఏడీఆర్ పెంచాయని చాలా ట్రయల్స్‌లో తేలింది, అబద్ధం కాదు. కానీ స్కోప్ చూపించని మడతలో ఏముందో ఆ పరికరానికీ తెలీదు, మురికి పేగుని అది కడిగిపెట్టదు. పైగా 2025లో పోలండ్ నుంచి వచ్చిన లెక్క ఒకటి ఆలోచింపజేస్తుంది: ఏఐకి అలవాటు పడ్డ డాక్టర్లు అది లేకుండా చేసినప్పుడు వాళ్ళ ఏడీఆర్ 28.4 నుంచి 22.4కి పడిపోయింది. కొనండి, తప్పులేదు, కానీ ఏఐ ఉన్న కేసులు, లేని కేసులు రిజిస్టర్‌లో విడిగా గుర్తు పెట్టుకోండి.

దొరకడం ఒకటి, పూర్తిగా తీయడం ఇంకొకటి

5 నుంచి 20 మిల్లీమీటర్ల పాలిప్‌లు తీసేశాక ఆ అంచుల్లోంచి ముక్కలు తీసి పరీక్షిస్తే పదింటిలో ఒకదాంట్లో ఇంకా మిగిలే ఉందని 2013లో ఒక అధ్యయనం చూపించింది. సెంటీమీటర్ కంటే చిన్నవాటికి కోల్డ్ స్నేర్ (కరెంటు పెట్టకుండా కోసే తీగ ఉచ్చు) వాడాలి, ఫోర్సెప్స్ అనే చిన్న పట్టకారుతో గిల్లడం మూడు మిల్లీమీటర్లలోపు వాటికే. రిజిస్టర్‌లో సైజు, దేంతో తీశారన్న గడులు పక్కపక్కనే పెడితే ఎనిమిది మిల్లీమీటర్ల పాలిప్‌ని ఫోర్సెప్స్‌తో తీసిన కేసులు వాటంతటవే కళ్ళబడతాయి.

మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారన్నది కూడా చూడండి. సెంటీమీటర్‌లోపు మామూలు అడినోమాలు ఒకటో రెండో ఉంటే అమెరికా గైడ్‌లైన్ ఏడు నుంచి పదేళ్ళంటుంది, సెంటీమీటర్, అంతకు మించినది ఉంటే మూడేళ్ళు, రెండు సెంటీమీటర్లు దాటినదాన్ని ముక్కలుగా తీస్తే ఆరు నెలలు. భయంతో అందరినీ ఏటా పిలిచే డాక్టర్లుంటారు, అది జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ నిజంగా రావాల్సినవాళ్ళ స్లాట్‌లు అలాగే పోతాయి. ఫిట్ పాజిటివ్ వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు ఎదురుచూస్తున్నారో కూడా నెలకోసారి లెక్క తీయండి, పది నెలలు దాటితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

పేగుకి రంధ్రం పడటం, రక్తస్రావం లాంటివి పేషెంట్ ఇంటికెళ్ళాక కూడా బయటపడొచ్చు, ముప్పై రోజులకి ఒక ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. స్కోప్ శుభ్రం చేయడం విడిగా పెద్ద విషయం, ఇక్కడ ఒక్కటే చెప్తాను, సరిగ్గా ఆరబెట్టని స్కోప్‌లో క్రిములు మళ్ళీ పెరుగుతాయి, ఆడిట్‌లో మొదట చూడాల్సింది ఆరబెట్టే అలమరే.

కడుపు

నోటి గుండా వెళ్ళి అన్నవాహిక, కడుపు చూసే పై ఎండోస్కోపీకి ఏడీఆర్ లాంటి ఒక్క గట్టి నంబర్ లేదు, అందుకే ఇక్కడ ఎవరిష్టం వాళ్ళదన్నట్టు సాగిపోతుంది. కానీ పైభాగం క్యాన్సర్లలో పదికి ఒకటి చొప్పున అంతకుముందు మూడేళ్ళలో చేసిన ఎండోస్కోపీలో తప్పిపోయినవేనని తేలింది. యూరప్ వాళ్ళ లెక్క ప్రకారం మొదటిసారి చేసే పరీక్షకి లోపలికెళ్ళి బయటికొచ్చేదాకా కనీసం ఏడు నిమిషాలు, కనీసం పది ఫొటోలు. నురగ పోవడానికి ముందే సిమెథికోన్ తాగించడం చవకైన, తేలికైన మెరుగు. అన్నవాహికలో బారెట్స్ (లోపలి పొర మారిపోయి, ముందుముందు క్యాన్సర్‌కి దారితీయగల స్థితి) ఉంటే దాని పొడవు ఎన్ని సెంటీమీటర్లో అన్ని నిమిషాలైనా చూడాలి.

మధ్యలో క్యాన్సర్ బయటపడితే

నార్మల్ అని పంపాక ఆరు నెలల నుంచి మూడేళ్ళలోపు క్యాన్సర్ బయటపడ్డ ప్రతి కేసుని కూర్చుని విప్పి చూడాలి. ఇలాంటివి మీకు వాటంతటవే తెలియవు, ఆ మనిషి వేరే చోటికి వెళ్ళి ఉంటాడు. మీ దగ్గర ఆపరేషన్లు చేసే సర్జన్లతో, క్యాన్సర్ రిజిస్ట్రీతో ఒక ఏర్పాటు ఉంటేనే పేరు మీ చెవిన పడుతుంది. 2018లో వరల్డ్ ఎండోస్కోపీ ఆర్గనైజేషన్ ఇలాంటి కేసులని ఎలా విడదీయాలో చెప్పింది: బాగానే చూసినా తప్పిపోయిందా, సరిగ్గా చూడకపోవడం వల్ల తప్పిపోయిందా, చూసి కూడా తీయలేదా, తీసినా పూర్తిగా రాలేదా. పాత ఫైల్ తీస్తారు, డాక్టర్ని పిలుస్తారు, అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. అప్పుడు ఆ రోజు కుడి పేగుకి వేసిన బోస్టన్ మార్కు, సీకమ్ ఫొటో, వెనక్కి వచ్చిన టైమ్ ఫైల్లో ఉంటే అరగంటలో తేలిపోతుంది. ఆ మూడు గడులూ ఖాళీగా ఉంటే, ఆ డాక్టర్ నిజంగా బాగా చూసి ఉన్నా సరే, ఆయన తరఫున చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.